తొమ్మిదో మంచం, ఇరవై ఆరు ‘కాదు’లు

మంచం పట్టిన రోగుల జుట్టును ఏడేళ్లపాటు కంటికి రెప్పలా కాపాడిన ఒక ఆయాను, రోగుల జుట్టు విషయంలో నిర్లక్ష్యం చూపిందని రాసి వార్డు నుంచి తీసేశారు. ఇరవై మూడు రోజులు తిరక్కుండానే ఆమె పద్ధతినే కరపత్రంగా అచ్చువేయించి, అదే ఆస్పత్రిలో వార్డు వార్డుకూ గోడలకు అంటించారు. కరపత్రం అడుగున నలుగురు అధికారుల హోదాలు ఉన్నాయి. ఆయా ఊసు లేదు. ఆమె మీద రాసిన ‘నిర్లక్ష్యం’ అనే మాట మాత్రం ఈనాటికీ ఆమె ఫైల్లో చెక్కుచెదరకుండా ఉంది.

ఇందులో ఒక్క ముక్క కూడా గాలికబురు కాదు. మెమో నకలు ఉంది. వార్డు రిజిస్టరు నూట పన్నెండో పుట మొదలు నూట నలభై ఒకటో పుట దాకా నకళ్లు ఉన్నాయి. కరపత్రం ఉంది. మూడు అర్జీలు, వాటికి వచ్చిన మూడు జవాబులు తేదీల వరసన ఉన్నాయి.

ఆ ఆయాను అందరూ దువ్వెనక్క అంటారు. హాజరు పట్టీలో తప్ప ఆమె అసలు పేరుకు పెద్దగా పని పడదు. యాభై నాలుగేళ్ల మనిషి, పొట్టి, చురుకు. నీలం కోటు కుడి జేబులో పళ్లు దూరంగా ఉండే చెక్క దువ్వెన, ఎడమ జేబులో ఉతికిన గుడ్డలో చుట్టిన మెత్తటి బ్రష్షు. కొత్తగా చేరిన డాక్టర్లు స్టెతస్కోపు మరిచిపోయి వచ్చిన రోజులున్నాయి గాని, దువ్వెనక్క బ్రష్షు మరిచిపోయి వచ్చిన రోజు లేదు.

ఈ విద్య ఆమెకు ఏ శిక్షణ తరగతిలోనూ అబ్బలేదు. ఇంట్లో, అత్తగారి మంచం పక్కన అబ్బింది.

వాళ్లది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. భర్త ప్రెస్సులో పుస్తకాలు కుట్టే బైండరు. అత్తగారు ఒకనాడు మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుని పద్నాలుగు నెలలు మంచాన ఉంది. నీళ్ల పంపు కింద వాకిట్లో. బకెట్టు పట్టుకుని యాభై నాలుగు మెట్లు ఎక్కాలి. మంచంలో ఉన్నవాళ్లకు రోజూ తల కడగకపోతే పేలు పడతాయని పక్కింటివాళ్లు చెబితే, కోడలు మొదటి నెలంతా రోజూ మోసింది, రోజూ కడిగింది.

“తల కడుగుతున్నావా, పడవ నడుపుతున్నావా కోడలా? నా నడుం కింద చేపలు తిరుగుతున్నాయి.”

“కదలకండి అత్తయ్యా, నీళ్లు చెవిలోకి పోతాయి.”

“పోనీలే. నీ మాటలు వినే బాధైనా తప్పుతుంది.”

నోరు అంతటిదే గాని ముసలమ్మ బాధ నిజమైనదే. పరుపు తడిసేది. మెడ వెనక్కి వేలాడేసి ఉంచితే నరం పట్టేసేది. రోజూ షాంపూ పడి పడి మాడు ఎండిపోయి, తెల్లగా పొట్టు రాలడం మొదలైంది. దురదకు ఆమె గోళ్లతో రక్కుకునేది. శుభ్రం కోసం చేసిన పని చేటుగా మారుతోందని కోడలికి అప్పుడు తట్టింది. రోజు విడిచి రోజు చేసి చూసింది. ఆ తర్వాత నాలుగు రోజులకొకసారి. చివరకు వారానికొకసారి దగ్గర ఆగింది. ఊరికే వాయిదా వేయలేదు. ఆ మధ్య రోజుల్లో తలను ఎలా తాజాగా ఉంచాలన్నదే ఆమె అసలు పరిశోధన.

ఆ పరిశోధనలో నవ్వులపాలైన రోజూ ఉంది. జిడ్డును పొడి పీల్చుకుంటుందని ఎవరో అంటే, వంటింట్లోంచి కార్న్‌ఫ్లోర్ తెచ్చి గుప్పెడు చల్లేసింది. కొలత తెలియదు. అత్తగారి తల సున్నం కొట్టిన గోడలా తయారైంది. ముసలమ్మ అద్దం అడిగి చూసుకుంది.

“పిండి బాగానే పట్టించావు. నూనె కాగిందా మరి?”

అవతలి గదిలోంచి కొడుకు అందుకున్నాడు. “ఉప్పు చూసుకున్నావా అమ్మా?”

“నువ్వు నోర్మూసుకో! రేపు నీ పెళ్లాం నీకూ పట్టిస్తుంది.”

మర్నాటి నుంచి గుప్పెడు కాస్తా చిటికెడైంది. పాపిట వెంట, కుదుళ్ల మీద మాత్రమే అద్ది, ముసలమ్మ కబుర్లు పావుగంట విని, ఆ తర్వాత బ్రష్షుతో ఆనవాలు మిగలకుండా దులిపేసేది. చిక్కు తీయడం చివర్ల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలని నేర్చుకుంది. చిక్కు వీడాక బ్రష్షును కుదుళ్ల నుంచి చివరల దాకా నింపాదిగా లాగితే, మాడు దగ్గర పేరుకున్న జిడ్డు ఎండిన చివరలకు చేరి మెరుపుగా మారుతుందని కనిపెట్టింది. బ్రష్షు మురికిగా ఉంటే ఆ మురికే మళ్లీ తలకెక్కుతుంది కనుక దాన్ని వారానికి రెండుసార్లు సబ్బునీళ్లలో ఉతికేది. అన్నిటికంటే ఆలస్యంగా తెలిసింది దిండు సంగతి. తల ఎంత శుభ్రం చేసినా వాసన రావడం మానకపోతే, ఓ రోజు తలను వదిలి దిండును ముక్కు దగ్గర పెట్టుకుంది. దొంగ దొరికింది. ఆనాటి నుంచి గలీబు రెండు రోజులకొకసారి మారేది.

కడిగే రోజున కూడా ఆమెదొక లెక్క. షాంపూను మగ్గు నీళ్లలో కలిపి పలచన చేసి, మాడుకు మాత్రమే, వేళ్ల కొసలతో, గోరు తగలకుండా. పాయలకు వేరే రుద్దుడు లేదు. పైనుంచి జారే నురగే వాటికి చాలు. తర్వాత నీళ్లు మాత్రం ధారాళంగా. తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. తడి ఆరకుండా జడ వేయకూడదు, గుడ్డ కట్టకూడదు.

ఇదంతా తన తల మీద కూడా మూడు నెలలు చేసి చూసుకుంది. మొదటి రెండు వారాలూ జుట్టు జిడ్డోడుతుంటే తలకు గుడ్డ కట్టుకుని తిరిగింది. ఆ తర్వాత సర్దుకుంది. జుట్టు అలవాటు పడిందో, ఆమె చెయ్యి అలవాటు పడిందో ఆమే చెప్పలేదు. తెలియనిదాన్ని తెలుసనే, చేయనిదాన్ని చేశాననే గుణం ఆమెలో లేదు. ఈ కథలో ఆమెకు చేటు తెచ్చినదీ ఆ గుణం లేకపోవడమే.

పద్నాలుగో నెలలో అత్తగారిని పరీక్షకు తీసుకెళ్తే, ఎముకల వార్డు పెద్ద సిస్టర్ తుంటి సంగతి పక్కనపెట్టి తల వంకే చూస్తూ ఉండిపోయింది.

“పద్నాలుగు నెలలు మంచం మీదున్న మనిషి తలేనా ఇది?”

“నాది కాదమ్మా, అరువు తెచ్చుకున్నా,” అంది ముసలమ్మ.

పెద్ద సిస్టర్ నవ్వి, కోడలి చేతులు చూసి, వార్డులో ఆయా ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పింది. ముసలమ్మ చేతికర్రతో నడవడం మొదలుపెట్టిన నెలలో కోడలు ఉద్యోగంలో చేరింది.

ఆ వార్డులో పదకొండు మంచాలు. తొడ ఎముకలు, తుంటి ఎముకలు విరిగి, కాలికి బరువులు వేలాడదీసుకుని వారాల తరబడి వెల్లకిలా పడుకునే ఆడవాళ్లు. ఆమె రాకముందు అక్కడ రెండే దారులు: తీరిక ఉంటే రోజూ నీళ్లు గుమ్మరించడం, జుట్టు అట్టకట్టాక కత్తెర తేవడం. కాలు విరిగి వచ్చిన మనిషి కాలు బాగై, జుట్టు పోయి ఇంటికెళ్లేది. దువ్వెనక్క వచ్చాక ఏడేళ్లలో ఆ వార్డులో కత్తెర పడలేదు. పెద్ద సిస్టర్ తన చేత్తో రాసి పైకి పంపిన నివేదికలో ఈ మాట స్పష్టంగా ఉంది.

అందరికీ ఒకే కొలత పెట్టే మనిషీ కాదామె. ఒకసారి రెండో మంచంలో ఒక అమ్మాయికి మాడు ఎర్రబడి మందంగా చుండ్రు కట్టింది. దువ్వెనక్క దువ్వెన కింద పెట్టి డాక్టరును పిలిచింది. మందు షాంపూతో వారానికి రెండుసార్లు కడగమంటే రెండుసార్లూ కడిగింది. “నా పద్ధతి పనిచేసే తలలు వేరు, జబ్బు చేసిన తల వేరు,” అని ఆ అమ్మాయి తల్లికి చెప్పింది.

ఇక తొమ్మిదో మంచం. అందులో చేరినది సిటీ బస్సు కండక్టరమ్మ. మెట్టు మీంచి పడి తొడ ఎముక విరిగింది. నడుం దిగిన జడ. జడకు మించిన గొంతు.

“ముందే చెబుతున్నా అక్కా. కత్తెర పట్టుకొచ్చారో, రెండో కాలు నేనే విరగ్గొట్టుకుంటా.”

“విరగ్గొట్టుకుంటే ఇంకో మూడు నెలలు నా చేతుల్లోనే ఉంటావు. నీ ఇష్టం.”

“రోజూ కడుగుతారా?”

“వారానికొకసారి.”

“వారానికా! బస్సులో నా పక్కన ఎవరైనా నిలబడతారా?”

“నువ్వు బస్సెక్కేది ఎప్పుడు! ముందు వారం గడవనీ. ఎనిమిదో రోజు నీ ముక్కుతో నువ్వే చూసుకో.”

ఎనిమిదో రోజు కండక్టరమ్మ జడ చివర ముక్కు దగ్గరకు లాక్కుని, చుట్టూ చూసి, “ఇక టిక్కెట్టు కొట్టెయ్యొచ్చు,” అని ప్రకటించింది. పదకొండు మంచాలూ నవ్వాయి.

సరిగ్గా అప్పుడే పైనుంచి కొత్త ఆదేశం వచ్చింది. ప్రతి రోగికీ ప్రతిరోజూ తల కడగాలట. దానికి వార్డు రిజిస్టరులో రోజుకొక పుట. మంచానికొక వరస, ‘తల కడిగారా’ అని ఒక గడి, అందులో ‘అవును’ గాని ‘కాదు’ గాని రాయాలి. పక్కన వేలెడు వెడల్పున ‘వివరాలు’ అని ఇంకో గడి. ఎముకల వార్డులో రోజూ కడగడం ఎందుకు పనికిరాదో పెద్ద సిస్టర్ పైవాళ్లకు చెప్పాలనుకుంది. దువ్వెనక్కను కూర్చోబెట్టి, అడిగి అడిగి, ఆమె చెప్పినదంతా పదకొండు పుటలు రాసి పంపింది. జవాబు వచ్చేదాకా పాత పద్ధతే కానివ్వమంది. నోటితో అంది. కాగితం మీద రాసివ్వలేదు.

దువ్వెనక్క రిజిస్టరు రాయడం మొదలుపెట్టింది. కడిగిన రోజు ‘అవును’. కడగని రోజు ‘కాదు’. ఆ పక్కనే, ఇరుకు గడిలో, చీమల్లాంటి అక్షరాలతో ‘దువ్వాను, పొడి అద్దాను, గలీబు మార్చాను’. అవతలి వార్డు ఆయా అది చూసి ముక్కున వేలేసుకుంది.

“ఏం పని అక్కా ఇది? నేను నెల మొదట్లోనే ముప్ఫై రోజులకూ ‘అవును’ రాసి పడేశాను. పెన్ను అరిగిందే గాని చెయ్యి తడవలేదు.”

“అడిగింది కడిగావా అని కదే. కడగలేదు.”

“ఎవరు చూస్తారు?”

“పొద్దున డాక్టరు చూస్తాడు. కడిగాం అనుకుని, తడికి జలుబు చేసిందేమో అనుకుంటే? చుండ్రు వస్తే, కడిగినా వచ్చింది అనుకుంటే? వాళ్ల లెక్క తప్పదూ?”

“నీకు డాక్టరు చదువు తలకెక్కింది,” అని వెళ్లిపోయింది ఆ ఆయా. ఆమె వార్డు రిజిస్టరుకు తర్వాత ప్రశంసాపత్రం వచ్చిందన్నది కూడా రికార్డులో ఉన్న విషయమే.

నెల తిరిగాక తనిఖీ అధికారి వచ్చారు. వార్డు గుమ్మం దగ్గర బల్ల వేయించుకుని రిజిస్టరు తెరిచారు. నమూనాగా తొమ్మిదో మంచం వరసను ఎంచుకున్నారు. ముప్ఫై రోజులు, నాలుగు ‘అవును’లు, ఇరవై ఆరు ‘కాదు’లు.

“నెలలో ఇరవై ఆరు రోజులు ఈ రోగి తల కడగలేదా?”

“లేదండి.”

“ఒప్పుకుంటున్నావా?”

“నేనే కదండీ రాశాను.”

“సార్, నేనే చెప్పాను,” అంది పెద్ద సిస్టర్.

“రాసిచ్చారా?”

“లేదు సార్, కానీ...”

“రాసివ్వలేదు,” అని ఆయన రాసుకున్నారు.

“ఆ పక్క గడి కూడా చూడండి సార్,” అంది దువ్వెనక్క. “రోజూ ఏం చేశానో...”

“వివరాలు తర్వాత.”

అప్పుడు తొమ్మిదో మంచం మీంచి, రద్దీ బస్సులో చివరి సీటు దాకా వినబడడానికి అలవాటైన గొంతు లేచింది.

“అయ్యా! ఇంతసేపటినుంచీ ఆ కాగితం వాసన చూస్తున్నారు. ఇటొచ్చి నా తల వాసన చూడండి!”

వార్డు గొల్లుమంది. కాలికి బరువులు కట్టినవాళ్లు నవ్వు ఆపుకోలేక మూలిగారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. రిజిస్టరు మూసేశారు. తొమ్మిదో మంచానికీ గుమ్మానికీ మధ్య దూరం పద్దెనిమిది అడుగులు. ఆ పద్దెనిమిది అడుగులు ఆయన నడవలేదు.

నాలుగో రోజున మెమో వచ్చింది. ‘విధి నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం’. దానికి జతచేసిన పట్టికలో ‘అవును’, ‘కాదు’ గడిని పొల్లుపోకుండా ఎక్కించారు. ‘వివరాలు’ గడిని అసలు ఎక్కించనే లేదు. దువ్వెనక్కను దుప్పట్ల గదికి మార్చారు. ఇకపై ఏ రోగినీ తాకరాదని అడుగున ఒక వాక్యం.

దుప్పట్ల గది భూగృహంలో ఉంటుంది. ఉతికి వచ్చినవాటిని మడతపెట్టి అంతస్తుల వారీగా పేర్చడం పని. కష్టమేమీ కాదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అత్తగారి వెనక కూర్చుని జడ విప్పుతూ అడిగింది.

“నిర్లక్ష్యం అంటే ఏంటత్తయ్యా? చూసీ చూడనట్టు వదిలెయ్యడమే కదా? నేను చూశానే. రోజూ చూశానే. ఆ మాట నా కాగితాల్లో ఉంటే, రేపు ఏ తల్లి తన కూతురి తల నా చేతిలో పెడుతుంది?”

“నువ్వు దువ్వు. వాళ్ల సంగతి నేను చూస్తా,” అంది ముసలమ్మ, చేతికర్ర నేలకు తాటించి.

పైన వార్డులో కొత్త ఆయా ఆదేశం ప్రకారం రోజూ నీళ్లు పోసింది. తడి ఆరకముందే తల దిండు మీద వాలింది. దువ్వే తీరిక ఎవరికుంది? తొమ్మిది రోజులకు కండక్టరమ్మ జడ మెడ వెనక అరచేయంత అట్టగా బిగుసుకుంది. పదో రోజున ట్రేలో కత్తెర వచ్చింది. కండక్టరమ్మ ట్రేను తోసేసింది. కత్తెర పదకొండో మంచం కిందికి వెళ్లి ఆగింది.

కబురు భూగృహానికి చేరింది. ఆ మధ్యాహ్నం భోజనం గంట మోగగానే దువ్వెనక్క డబ్బా మూత తీయకుండా మెట్లెక్కింది. రెండు చుక్కల నూనె వేళ్లకు రాసుకుని, అట్ట అంచున నాలుగేసి వెంట్రుకలు విడదీయడం మొదలుపెట్టింది.

“ఉద్యోగం ఊడుతుందక్కా. వెళ్లిపో,” అంది కండక్టరమ్మ. గొంతు మొదటిసారి చిన్నదైంది.

“నోరు కదిపితే తల కదులుతుంది. ఊరుకో.”

“నొప్పి.”

“తెలుసు. ఇవాళ వేలెడంత. మిగతాది రేపు.”

ఆరు మధ్యాహ్నాలు పట్టింది. ఆరు రోజులూ ఆమె డబ్బాలో అన్నం ఇంటికి తిరిగొచ్చింది. కత్తెర ముట్టకుండా అట్ట మొత్తం విడిపోయింది. ఏడో రోజున రెండో మెమో వచ్చింది: ‘అనుమతి లేకుండా వార్డులో ప్రవేశించి రోగిని తాకినందుకు’. ఇది కూడా ఆమె ఒప్పుకుంది. చేసిన పని చేశాననే చెప్పింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం భర్త ప్రెస్సు నుంచి అచ్చు ప్రతి ఒకటి తెచ్చి బల్ల మీద పరిచాడు. ఆస్పత్రివాళ్లు వేయమన్న కరపత్రం. ‘మంచానికి పరిమితమైనవారి జుట్టు సంరక్షణ’. వారానికొకసారి కడిగితే సాధారణంగా సరిపోతుందని ఉంది. చిటికెడు పొడి కుదుళ్లకే అద్దాలని ఉంది. గలీబు రెండు రోజులకొకసారి మార్చాలని ఉంది. ఎర్రబడిన మాడును డాక్టరుకు చూపాలని కూడా ఉంది.

“ఇది మన ఇంట్లో మాట్లాడుకునే భాషే,” అన్నాడతను. “కట్టలు కడుతూ చదివాను. నువ్వు పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది.”

ఆమె రెండుసార్లు చదివింది. కోపం వస్తుందని అతను ఎదురుచూశాడు.

“తప్పుల్లేవు. బాగానే రాశారు,” అంది. కాగితం మడిచి, “అయితే నాది తప్పెలా అయింది?” అంది.

ఆ ఒక్క ప్రశ్నే మూడు అర్జీల్లోనూ ఉంది. మొదటిదానికి ‘పరిశీలనలో ఉన్నది’ అని జవాబు. రెండోదానికీ అదే, తేదీ మాత్రం మార్చారు. మూడో జవాబును తిరిగి తిరిగి చదివినా కళ్లు నమ్మవు: ‘కరపత్రంలోని పద్ధతి దాని విడుదల తేదీ నుంచి మాత్రమే సరైనదిగా పరిగణించబడును. అంతకుముందు కాలానికి వర్తించదు.’ అనగా, ఫలానా తారీఖు పొద్దున దాకా నిర్లక్ష్యమైనది, మధ్యాహ్నానికి శాస్త్రమైంది. రోగుల మాడుకు ఈ తేడా ఎవరు చెప్పాలో జవాబులో లేదు.

కండక్టరమ్మ మొన్న చేతికర్రలతో నడిచి వెళ్లిపోయింది. వెళ్లేముందు లిఫ్టులో భూగృహానికి దిగి, దుప్పట్ల గుట్టల మధ్య నిలబడి, జడను భుజం మీంచి ముందుకేసుకుని చూపించింది. ఆస్పత్రి పాలకమండలికి ఆమె స్వయంగా రాసిన ఫిర్యాదు మీద పదకొండు మంచాలవాళ్ల సంతకాలున్నాయి. దానికి ఇంకా జవాబు రాలేదు. దువ్వెనక్కకు ఉద్యోగం ఇంకా నాలుగేళ్లు ఉంది. ఆ నాలుగేళ్లూ ఆమె దుప్పట్లు మడతపెడుతూ గడిపితే, ఆ చేతులకు తెలిసినదంతా కరపత్రంలో పట్టదు. వార్డులో ఎవరికీ అందకుండా పోతుంది.

పాలకమండలి సభ్యులారా! మీ అధికారుల హోదాలతో అచ్చయిన కాగితాన్ని మీ గోడల మీదే ఒకసారి చదవండి. తర్వాత ఆ రిజిస్టరు తెప్పించి, మీ అధికారి వదిలేసిన ఆ వేలెడు గడిని, ముప్ఫై పుటల్లోనూ, వరసగా చదవండి. చదివి, రెండు మెమోలనూ రాతపూర్వకంగా రద్దు చేయండి. ‘నిర్లక్ష్యం’ అన్న మాటను ఆమె ఫైల్లోంచి తీసేయండి. ఆమెను ఎముకల వార్డుకు తిరిగి పంపండి. పరిశీలనలో ఉందని మరో జవాబు పంపవద్దు. అలాంటివి ఇప్పటికే రెండున్నాయి. ఈ నెలాఖరులోగా ఉత్తర్వు పంపండి.